బొక్కల అచ్చు కోసం ఇండస్ట్రియల్ ఏరియాకి

దోహా వెళుతున్నాం, చూడదగ్గవి ఏమున్నాయని అడిగేవాళ్ళకి నేను ఇండస్ట్రియల్ ఏరియా పేరు చెబుతుంటాను. వేళాకోళం అనుకుని నవ్వేసి ఊరుకుంటారు. గ్యారేజీలు, గోడౌన్లు, లేబర్ క్యాంపులు తప్ప ఏమీ లేని ఆ చోటికి, సెలవు రోజున, భుజాన సంచీలో అస్థిపంజరాల పుస్తకం వేసుకుని వెళ్ళినవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే అయ్యుంటాను. ఇది తొంభైల నడుమ సంగతి. వెస్ట్ బేలో అప్పటికి లేచిన భవనాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, లుసైల్ అంటే ఉత్త ఇసుక. కాబట్టి నేను చెప్పే టైములూ చార్జీలూ అప్పటివని గుర్తుపెట్టుకోండి. ఎండ మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటేనట.

మాది బందరు. దోహాలో ఒక కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసేవాణ్ణి. భార్య సుగుణనీ తొమ్మిదేళ్ళ కూతురు లిల్లీనీ ఆ ఏడాదే తీసుకెళ్ళాను. బందరులో తెలుగు మీడియం బళ్ళో వాగుడుకాయ అని పేరు తెచ్చుకున్న పిల్ల, దోహా స్కూల్లో చేరిన మొదటి వారం ఇంగ్లీషులో ఏదో తప్పు మాట్లాడిందట. క్లాసంతా గొల్లున నవ్వారట. అంతే, ఆ రోజు నుంచి స్కూల్లో నోరు మూసుకుంది. అయిదు నెలలు! పిలిస్తే లేచి నిలబడుతుంది, తలూపుతుంది, కూర్చుంటుంది. క్లాస్ టీచరు మంచి మలయాళీ ఆవిడ. లైబ్రరీలో నచ్చిన పుస్తకం గురించి పిల్లలంతా ఒక శనివారం తల్లిదండ్రుల ముందు చెప్పాలి, చెప్పలేనివాళ్ళు ఏదైనా చేసి చూపించినా చాలు అని ఒక అవకాశం కల్పించింది. ఇదీ కాకపోతే వచ్చే ఏడు కింది క్లాసులో కూర్చోబెట్టక తప్పదని నన్ను పక్కకి పిలిచి మెల్లగా చెప్పింది. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

లిల్లీ తెచ్చుకున్న పుస్తకం ఏమిటయ్యా అంటే, వెనకటి రోజుల్లో మెక్సికో దేశంలో ఉన్న ఒక అచ్చుబొమ్మల కళాకారుడి జీవితం. పిల్లల కోసం పేజీకో బొమ్మతో వేశారు. ఆయన చెక్క మీదా రేకు మీదా బొమ్మలు చెక్కి, సిరా పూసి, కాగితాల మీద అచ్చువేస్తే వాటిని వీధుల్లో కారుచౌకగా అమ్మేవారట. బాగానే ఉంది. కానీ ఆయన చెక్కిన వాటిలో ఎక్కువ అస్థిపంజరాలే. ఈకల టోపీ పెట్టుకున్న అస్థిపంజరం, సైకిల్ తొక్కే అస్థిపంజరం, గరిటె తిప్పే అస్థిపంజరం. సుగుణ ఒక్కసారి తెరిచి చూసి, మూసేసి, కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేసుకుని, అట్ట కనపడకుండా పేపరు చుట్టేసింది. లిల్లీ మాత్రం మంచం మీద బోర్లా పడుకుని ఆ పుస్తకం చూస్తూ తనలో తను నవ్వుకునేది. దోహా వచ్చాక అది నవ్వడం నేను చూసింది అప్పుడే.

తను మాట్లాడనని, ఇలాంటి బొమ్మ ఒకటి అందరి ముందూ అచ్చువేసి చూపిస్తానని, బొమ్మ కింద 'నవ్వండి' అని తెలుగులో ఉండాలని చెప్పింది. నాకు ప్రాణం లేచొచ్చింది. అచ్చులంటే మనకి చెప్పాలా, కలంకారీ అచ్చులు చెక్కే పెడన మన బందరుకి ఆమడ దూరం కూడా లేదు, పెడన పనివాడొకడు ఇక్కడే దోహాలో నా చేతిలో ఉన్నాడు, చిటికెలో చెక్కిస్తానని కోతలు కోశాను. లిల్లీ నన్ను అనుమానంగా చూసి, పుస్తకం చదివావా నాన్నా అని అడిగింది. చదివానన్నాను. బొమ్మలన్నీ తిరగేశాను కదా, అదీ చదవడమే అనుకున్నాను.

ఆ పనివాడి పేరు నాంచారయ్య. బొంబాయి ఎయిర్‌పోర్టులో అతని ఫారం నేనే నింపిపెట్టాను, అలా పరిచయం. ఊళ్ళో ఉలి పట్టి కలంకారీ అచ్చుల మీద లతలూ పూలూ చెక్కినవాడు, ఇక్కడ షట్టరింగ్ కార్పెంటర్. అంటే కాంక్రీటు పోయడానికి చెక్కలు బిగించే పని. సోమవారం వాళ్ళ క్యాంప్ ఆఫీసుకి ఫోన్ చేస్తే నాంచారయ్య డ్యూటీకి వెళ్ళాడు, రూమ్మేట్ లింగన్న ఎత్తాడు. జగిత్యాల దగ్గరి మనిషి. ఎముకల బొమ్మ ఒకటి అచ్చు చెక్కాలి, జానెడు వెడల్పు చెక్క సిద్ధం చేసుకోమనండి, శుక్రవారం వస్తాను అని విడమరిచి చెప్పాను. "చెప్త సార్, ఫికర్ జెయ్యకుండ్రి" అన్నాడు. నేను ఫికర్ చెయ్యలేదు. చెయ్యవలసింది.

శుక్రవారం ఎనిమిదింటికి ఒక విల్లాలో మా తెలుగువాళ్ళ ప్రార్థన. అక్కడ ఆదివారం బడి కూడా శుక్రవారమే నడిచేది, అదో తమాషా. సంచీలో పుస్తకం కాళ్ళ కింద దాచుకుని కూర్చున్నాను. పాటలు అయ్యేసరికి తొమ్మిదిన్నర. బయటికొచ్చి నారింజ రంగు టాక్సీ పట్టాను. డ్రైవరు పెషావర్ పఠాన్. జుమ్మా నమాజు లోపల తిరిగి ఊళ్ళో ఉండాలని, అందుకు ఒప్పుకుంటేనే ఎక్కమని ముందే చెప్పాడు. ఇది మీరూ రాసి పెట్టుకోండి. శుక్రవారం పదకొండు దాటితే నమాజు అయ్యేదాకా టాక్సీ దొరకదు, కొట్టు తెరవరు. సల్వా రోడ్డు మీద ఇరవై నిమిషాల్లో ఇండస్ట్రియల్ ఏరియా చేరాం గానీ, అక్కడ వీధులన్నిటికీ నెంబర్లే, అన్నీ ఒకేలాగా ఉంటాయి. అదే టైర్ల కొట్టు ముందు నుంచి మూడుసార్లు వెళ్ళాం. నాలుగోసారి ఆ కొట్టువాడు మాకు చెయ్యి ఊపాడు. మీటరు పదిహేను రియాల్స్ దాటగానే పఠాన్ "యల్లా, ఇదే మీ క్యాంపు" అని తేల్చేసి నన్ను దింపేసి వెళ్ళిపోయాడు. అది కాదు. అక్కణ్ణుంచి ఎండలో పావుగంట నడక.

క్యాంపు గేటు దగ్గర వాచ్‌మన్ ముసలాయన, పంజాబీ. సంచీ తెరిపించాడు. పేపరు అట్ట తీసి మొదటి పేజీ చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. ఎండకి నా బుర్ర అప్పటికే కరిగిపోయి ఉంది. మెక్సికో, కళాకారుడు, అచ్చుబొమ్మలు అని హిందీలో వివరించే ఓపిక లేక, డాక్టరు పుస్తకం అనేశాను. ఆయన ముఖం వెలిగిపోయింది. పుస్తకం నా చేతికిచ్చి, కుర్చీలో కూర్చుని, పైజామా పైకి లాగి మోకాలు నా ముందు పెట్టాడు. ఏం చెయ్యను? నొక్కి చూశాను. మెట్లు ఎక్కొద్దన్నాను. వేడినీళ్ళ కాపడం పెట్టమన్నాను. నేను నాంచారయ్య గది చేరేలోపల నా వెనక ఇంకో ఇద్దరు నడుములు పట్టుకుని వస్తున్నారు.

గదిలో ఎనిమిది మంచాలు, ఒకదాని మీద ఒకటి. మూలన స్టవ్ మీద శుక్రవారపు కోడికూర ఉడుకుతోంది. నాంచారయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని నా కోసమే కూర్చున్నాడు. పొడుగ్గా, సన్నగా, మాట కంటే ముందు నవ్వు వచ్చే మనిషి. నన్ను చూడగానే మంచం కింది నుంచి తువ్వాలులో చుట్టిన వస్తువు తీసి, పసిపిల్లని అందించినట్టు నా చేతిలో పెట్టాడు. విప్పి చూశాను. నున్నగా చిత్రిక పట్టిన టేకు చెక్క. దాని నిండా గుండ్రటి కన్నాలు, వరసలు తప్పకుండా.

ఇదేంటి నాంచారయ్యా అన్నాను.

"బొక్కల అచ్చేనండి. నలభై ఒక్క బొక్కలు. అమ్మగారు కారప్పూస ఒత్తుకోడానికి కాబోలనుకున్నానండి. ఒక్క బొక్క కూడా వంకర పోలేదు, చూసుకోండి" అన్నాడు గర్వంగా.

నేను లింగన్న వైపు చూశాను. లింగన్న కూర గరిటె చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. బొద్దుమీసాలు, గదికి పెద్ద. "మీరు ఎముకల బొమ్మ అన్నరు. నేను బొక్కల అచ్చు అని చెప్పిన. గంతే గద సార్. మా దిక్కు బొక్కలంటే ఎముకలే" అన్నాడు.

మా కృష్ణా జిల్లాలో బొక్క అంటే కన్నం. వాళ్ళ వైపు బొక్క అంటే ఎముక. ఈ ఒక్క ముక్క కోసం నాంచారయ్య మూడు రోజులు డ్యూటీ దిగొచ్చి కూర్చుని టేకు చెక్కకి కన్నాలు పొడిచాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తెల్లారితే శనివారం, లిల్లీ ఖాళీ చేతుల్తో నిలబడి తలూపి కూర్చుంటుంది. టేకు ముక్క వేరేది లేదు. షట్టరింగ్ ప్లైవుడ్ మీద ఉలి పెడితే పెచ్చులు లేస్తుంది. నాంచారయ్య చెక్కని చేతిలో అటూ ఇటూ తిప్పి, కన్నాలు ఇంకా సగం లోతే పొడిచానండి, అవతలికి పోలేదు, వెనక వైపు చెక్కుతాను, ఏదీ ఆ బొమ్మ అన్నాడు. ఆ క్షణంలో అతని కాళ్ళకి దణ్ణం పెట్టినా తప్పులేదనిపించింది.

పుస్తకం తెరిచాను. నడుంనొప్పి వాళ్ళిద్దరూ మెల్లగా జారుకున్నారు. లింగన్న స్టవ్ తగ్గించి వచ్చి, నా పక్కన కూర్చుని, గొంతు తగ్గించి అడిగాడు. "సార్, ఏమనుకోకుండ్రి. గిది బాణామతి గిట్ల కాదు గద?"

బాణామతి అంటే వాళ్ళ వైపు చేతబడి. నేను ఒట్టేసి చెప్పాను. మెక్సికోలో చనిపోయినవాళ్ళని తలుచుకునే పండగ ఒకటుందని, ఆ రోజున చక్కెరతో పుర్రెలు చేసుకుని తింటారని, వాళ్ళకి ఇది నవ్వులాట అని పుస్తకం బొమ్మల్లో నేను గ్రహించినంతా చెప్పాను. పుర్రెలు తింటారన్న ముక్కతో పరిస్థితి ఇంకా పాడైంది. అదృష్టం కొద్దీ అప్పుడే లింగన్న పేజీ తిప్పాడు. కోటు, టై, చేతిలో కర్ర పట్టుకుని పొట్ట ముందుకు పెట్టుకు నిలబడ్డ అస్థిపంజరం. అసలు పొట్టే లేదు, అయినా ఆ నిలబడటంలో పొట్ట కనిపిస్తుంది. లింగన్న దాన్ని కాసేపు చూశాడు. "గీడు మా ఫోర్మన్ లెక్కనే నిలబడ్డడు" అన్నాడు. ఇక గదంతా మీద పడ్డారు. సైకిల్ వాడు ఎవరో, టోపీ ఆమె ఎవరో, గరిటె పట్టినవాడు లింగన్నేనని పేర్లు పెట్టేసుకున్నారు. ఫోర్మన్ బొక్కలూ మన బొక్కలూ ఒక్కతీరే ఉన్నయని పై మంచం మీంచి ఎవరో అన్నారు. ఆ మెక్సికో ఆయన చెప్పదలుచుకున్నదీ అదేనని తరవాత లిల్లీ నాకు చెప్పింది.

నాంచారయ్య ఇవేవీ వినలేదు. పెట్టె అడుగున గుడ్డలో దాచుకున్న సన్న ఉలులు తీశాడు. మూడేళ్ళుగా వాటిని తియ్యలేదట, పూలు మర్చిపోయి ఉంటాననుకున్నానండి అన్నాడు. చెక్కకి సుద్ద పూశాడు. నేను ఆఫీసులో ట్రేసింగ్ కాగితం మీద దింపుకొచ్చిన బొమ్మ, గెంతుతున్న అస్థిపంజరం, కింద 'నవ్వండి', అతనికిచ్చాను. అతను దాన్ని చెక్క మీద పెట్టబోయి ఆగి, ఇటు వైపా అటు వైపా సారూ అని అడిగాడు. పూలకీ లతలకీ ఎటైనా ఒకటే, అక్షరాలు నేనెప్పుడూ చెక్కలేదండి అన్నాడు. మహా తెలిసినవాడిలా నేను, అక్షరాలు చదవడానికి వీలుగా ఏ వైపు ఉన్నాయో ఆ వైపే పెట్టు అన్నాను. పదేళ్ళ డ్రాఫ్ట్స్‌మన్‌ని. ట్రేసింగ్ కాగితం తిరగేస్తే ఏమవుతుందో కళ్ళు మూసుకుని చెప్పగలను. ఆ పూట నా కళ్ళు కోడికూర మీద ఉన్నాయి.

భోజనం గురించి ఒక్క మాట. దోహాలో నేను తిన్న భోజనాలన్నిటిలో అదే గొప్పది. లింగన్న ఎండుకొబ్బరి, గసగసాలు వేసి వండాడు. ఈ రుచి ఎలా వచ్చిందని అడిగితే, ఎనిమిది మందికి మూడు కోళ్ళు వండితే ఏదన్న రుచిగనే ఉంటది సార్ అన్నాడు. నాంచారయ్య మాత్రం రెండు ముద్దలు తిని మళ్ళీ ఉలి పట్టాడు. ఒక్కో పక్కటెముక విడివిడిగా తేలింది. వేళ్ళ కణుపులు కూడా వదల్లేదు. అస్థిపంజరం నడుముకి తనంతట తనే ఒక లత చుట్టాడు, చెయ్యి ఊరుకోలేదండి అని సిగ్గుపడ్డాడు.

మూడున్నరకి పని అయింది. ఆఫీసు నుంచి తెచ్చిన స్టాంపు సిరా పూసి, సిమెంటు సంచీ కాగితం పరిచి, అచ్చు బోర్లించి, పెడనలో గుద్దినట్టే పిడికిలితో ఒక్క గుద్దు గుద్దాడు. ఎత్తాడు. అస్థిపంజరం కాగితం మీద గెంతుతోంది. గదంతా చప్పట్లు. నేను కింద అక్షరాలు చదవబోయాను. చదవలేకపోయాను. గుడి అటు తిరిగింది, వొత్తు ఇటు వచ్చింది. 'నవ్వండి' మొత్తం వెనక్కి తిరిగి కూర్చుంది.

లింగన్న మెడ వంచి చూసి, అరబ్బీ లెక్క ఇటుకెంచి చదువుకుంటే సరిపాయె అన్నాడు. నాంచారయ్య ముఖం నల్లబడిపోయింది. ఒక కాగితం ఇంటికి పంపుకుందామనుకున్నాడట, తన చెయ్యి ఇంకా పని మర్చిపోలేదని వాళ్ళావిడకి తెలియడానికి. ఇది పంపితే ఊళ్ళో నవ్వుతారండి అన్నాడు. తప్పు నాది, అడిగినందుకు అడ్డదిడ్డంగా చెప్పినవాణ్ణి నేను అని ఎంత చెప్పినా తల ఎత్తలేదు. రెండు వైపులా అయిపోయిన చెక్క అది, ఒకవైపు కారప్పూస, ఒకవైపు తిరగబడ్డ తెలుగు. ఇంకో ముక్క లేదు, టైమూ లేదు. నాలుగున్నరకి కుర్రాళ్ళని ఊళ్ళోకి తీసుకెళ్ళే కంపెనీ బస్సు ఎక్కించారు. చార్జీ లేదు, సీటూ లేదు. ఊరు వచ్చేదాకా అచ్చుని పొట్టకి హత్తుకుని నిలబడ్డాను.

లిల్లీ అచ్చు చూసింది. ఏడుస్తుందేమోనని సుగుణ దగ్గరికొచ్చింది. ఏడవలేదు. పుస్తకం పద్నాలుగో పేజీ తెరిచి నా ముందు పెట్టింది. అచ్చులో అక్షరాలు సరిగ్గా రావాలంటే చెక్క మీద తిరగేసి చెక్కాలని, ఆ కళాకారుడు జీవితమంతా అక్షరాలని వెనక నుంచే చూశాడని ఆ పేజీ నిండా పెద్ద అక్షరాల్లో ఉంది. నాకు సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది. అయినా నా బుద్ధి ఎక్కడికి పోతుంది? పోనీలే అమ్మా, అక్కడ తెలుగు ఎవరికొచ్చు, తిరగబడ్డా ఎవరికీ తెలియదు అన్నాను.

"నాకొచ్చుగా" అంది లిల్లీ.

మర్నాడు శనివారం ఆఫీసులో రెండు గంటల పర్మిషన్ తీసుకుని వెళ్ళాను. లిల్లీ వంతు వచ్చింది. సిరా పూసి, తెల్ల కాగితం మీద అచ్చు పెట్టి, పిడికిలితో గుద్దింది. కాగితం ఎత్తి చూపించింది. పిల్లలు మెడలు సాచారు. టీచరు, ఆ కింద రాసింది ఏ భాష అని అడిగింది. లిల్లీ నిలబడింది, తలూపలేదు, కూర్చోలేదు. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. నేను కుర్చీలోంచి సగం లేచాను. ఈ గండం నా వల్లే కదా, నేనే ఏదో ఒకటి చెప్పేద్దామని.

అప్పుడు మా అమ్మాయి నోరు తెరిచింది. మా నాన్న పద్నాలుగో పేజీ చదవలేదు అని ఇంగ్లీషులో, స్పష్టంగా, ఆఖరి వరసకి వినపడేలా చెప్పింది. ఆ స్కూల్లో అది మాట్లాడిన మొదటి పూర్తి వాక్యం అదే. హాలంతా నా వైపు తిరిగింది. తరవాత తన సంచీలోంచి సుగుణ చేతి అద్దం తీసింది. కాగితం అద్దానికి పట్టి, ఆ కళాకారుడు రోజూ అక్షరాలని ఇలా తిరగేసి చూసేవాడని, ఇది తన భాష అని, ఇలా చదవాలని ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టి చెప్పించింది. మలయాళీ టీచరు, పంజాబీ పిల్లలు, శ్రీలంక అమ్మ ఒకావిడ, అందరూ గట్టిగా 'న-వ్వం-డి' అన్నారు. అర్థం ఏమిటని టీచరు అడిగింది. లిల్లీ చెప్పింది. అర్థం తెలియగానే అందరూ నవ్వారు, లిల్లీ చెప్పాకే నవ్వారు, లిల్లీ కూడా నవ్వింది. నా పక్కన సుగుణ కళ్ళు తుడుచుకుంటోంది. నా సంగతి అడగకండి.

పై శుక్రవారం మళ్ళీ వెళ్ళాను, ఈసారి టైర్ల కొట్టు ముందు ఒక్కసారే వెళ్ళాను. నాంచారయ్యకి లిల్లీ రెండు అచ్చు కాగితాలు, ఒక చిన్న అద్దం పంపించింది. జరిగింది చెబితే మూడుసార్లు మళ్ళీ చెప్పించుకున్నాడు. కాగితం, అద్దం కలిపి పార్సిల్ కట్టి పెడన పంపాడట. రెండో కాగితం లింగన్న తలుపుకి అంటించాడు, ఫోర్మన్ వచ్చినప్పుడు మాత్రం దాని మీద చొక్కా తగిలించేవాళ్ళట. ఊరు చూడటమంటే కట్టడాలు చూడటమని నేను అప్పటిదాకా అనుకునేవాణ్ణి. దోహాలో ఆ కట్టడాలకి చెక్కలు బిగించినవాళ్ళ గదిలో ఒక పూట కూర్చున్నాక, నాకు ఆ ఊరు మీద ఒక ప్రేమ ఏర్పడింది. ఆ అచ్చు ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. సుగుణ మాత్రం దాని రెండో వైపుతో ఒకసారి నిజంగానే కారప్పూస ఒత్తాలని చూసింది, రాలేదు.

మీరు అటు వెళ్ళేటట్టయితే శుక్రవారం జుమ్మా లోపలే చేరుకోండి, తిరిగి రావడానికి సాయంత్రం బస్సు నమ్ముకోండి, గేటు దగ్గర డాక్టరునని మాత్రం చెప్పకండి. ఇవన్నీ మర్చిపోయినా పరవాలేదు. పిల్లల పుస్తకం పట్టుకుని బయల్దేరేముందు దాన్ని చదవండి, పద్నాలుగో పేజీతో సహా. చదవకపోతే మీ పిల్లలు ఆ సంగతి నలుగురిలో చెబుతారు. చెబితే చెప్పనివ్వండి.